జర్మనీని కాదని మా హాల్టు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రం ఉంది, సముద్రం మీద ఓడ ఉంది, దూరదేశం నుంచి రావాల్సిన కానుక ఉంది. భూమి పోతోందని ఊరు ఊరంతా నిద్ర మానుకున్న ఘట్టం ఉంది. కన్నతండ్రి మాటను కొడుకు నడివీధిలో కాదన్న సన్నివేశం ఉంది. మంచి గొంతున్న వాళ్ళెవరైనా పద్యాలు కడితే తెల్లవార్లూ ఆడించొచ్చు.

ఆడించలేరు. ఇది బొమ్మరైలు కథ. ఓడలో ఉన్నది మా బావ. కానుక అంటే ఒక అట్టపెట్టె. నడివీధి అంటే టీ కొట్టు. ఊరంతా నిద్ర మానుకుందన్నది కూడా కొంచెం పెంచి చెప్పిందే. మానుకున్నది మా పెదనాన్న ఒక్కడే, ఆయనకి మామూలు రోజుల్లోనూ నిద్ర పట్టదు.

మాది గరివిడికి దగ్గర్లో, రైలు పట్టాల పక్కన ఉన్న ఊరు. నాన్న కొంత వరి, కొంత గోగు వేస్తాడు, వాన దయ తలిస్తే నువ్వులు కూడా. నేను రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో పనిచేస్తాను. కంప్యూటరు మొండికేస్తే ఆపేసి మళ్ళీ వెయ్యడం నా వృత్తి. ఇందుకోసం విజయనగరంలో డిప్లొమా చదివాను. చదివినన్నాళ్ళూ రోజూ మా ఊరి హాల్టులో ప్యాసింజరు ఎక్కేవాణ్ణి. ఇప్పుడా రైలుకి వేరే పేరు పెట్టారు, పెట్టెలూ మార్చారు. మా ఊళ్ళో మాత్రం అది ప్యాసింజరే.

హాల్టు అంటే స్టేషన్ అనిపించుకునే స్థాయి లేని స్టేషన్. ఒక సిమెంటు షెడ్డు, రెండు బెంచీలు, టిక్కెట్లిచ్చే గది, ఒక బోరింగు, మూడు భాషల్లో ఊరి పేరు రాసిన పసుపు బోర్డు. ప్లాట్‌ఫారం ఎంత పొట్టిదంటే ముందు గంపని పైకి అందించాలి, తర్వాత గంప తాలూకు మనిషిని అందించాలి. పాలవాళ్ళు క్యాన్లని కిటికీ ఊచలకి తగిలిస్తారు. కొందరు పెద్దమనుషులు ప్లాట్‌ఫారం వైపు నుంచి ఎక్కడం నామోషీ అన్నట్టు అటువైపు కంకర మీద నిలబడి ఎక్కుతారు. ఇంతకు మించి అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

మా ల్యాబులో పనిలేని మధ్యాహ్నాలు ఎక్కువ. అలాంటి ఒక మధ్యాహ్నం, ఏదో దేశపు ముసలాయన తన ఇంటి అటక మీద చేతి గడియారమంత ఇంజిన్లతో ఊరంత రైల్వే కట్టుకున్న వీడియో చూశాను. అందులో ఒక చిన్న రైలు వచ్చి ఒక చిన్న స్టేషన్లో ఆగింది. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు. అయినా దాన్ని మళ్ళీ మొదటినుంచి చూశాను. మూడోసారి కూడా ఎవరూ ఎక్కలేదని రూఢి చేసుకున్నాక, నేను కూడా ఇలాంటిది చెయ్యాలనుకున్నాను.

కాలేజీ వాళ్ళు పాత ల్యాబు బల్లలు తీసేస్తుంటే రెండు అడిగి తెచ్చుకుని డాబా మీది గదిలో వేశాను. బల్లలు వేసేస్తే రైల్వే సగం అయిపోయినట్టే అనుకున్నాను. ఈ పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూపు ఒకటి ఫోన్లో ఉంటే అందులో చేరాను. చేరగానే అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. ఏ దేశం?

నేను ఇండియా అని చెప్పాను. నా పౌరసత్వం అడిగారనుకున్నాను. కాదట. ఏ దేశపు రైల్వే కడతావని. అందులో ఒక పెద్దాయన ఉన్నాడు. విశాఖపట్నంలో ఆయన ఇంట్లో స్విట్జర్లాండు ఉంది. మంచు కొండలు, సొరంగాలు, ఎర్ర రైళ్ళు. మంచు చెమర్చకుండా రోజంతా ఏసీ నడుస్తుంది. ఆయన నాకు ఓపిగ్గా వివరించాడు. దేశం ఎంచుకోవడం అంటే సంబంధం కుదుర్చుకోవడం లాంటిది. ఒక దేశం రైలు ఇంకో దేశం పక్కన పెడితే కొలత కుదరదు, కొక్కెం కుదరదు, కాలం కుదరదు. మధ్యలో మనసు మార్చుకుంటే పెట్టిందంతా వృథా. కాబట్టి ఒకటే ఎంచుకో, జీవితాంతం దాంతోనే ఉండు.

"మన దేశమే కడితే అండీ?" అన్నాను.

"కొత్తవాడివి, ఆ తలనొప్పి నీకెందుకు?" అన్నాడాయన. మన బళ్ళు పెట్టెలో పెట్టి కొట్లో అమ్మరు. ఎక్కడో ఒకరిద్దరు చేత్తో చేసుకుంటారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, మన పట్టాల మధ్య వెడల్పు ఎక్కువ. కొట్లో దొరికే బొమ్మ పట్టాలు అటు దేశాల వెడల్పువి, అంటే మన దానికంటే ఇరుకు. మన రైలు వాటి మీద పెడితే లావాటి మనిషి ఇరుకు బెంచీ మీద కూర్చున్నట్టు ఉంటుంది.

సరే, దేశాలన్నీ తిరిగొచ్చాను. కుర్చీలో కూర్చునే.

స్విట్జర్లాండు బావుంది. కానీ నేను మంచు చూసింది మా ఇంటి ఫ్రిజ్‌లోనే, అది కూడా పేరుకుపోతే అమ్మ వేడినీళ్ళు పోసి కరిగిస్తుంది. ఇంగ్లండులో స్టేషన్ల నిండా పూల కుండీలు. అవి పెట్టిన మర్నాడు కూడా అక్కడే ఉండే దేశాన్ని నేను ఊహించుకోలేకపోయాను. అమెరికా గూడ్సు ఎంత పొడవంటే, ఇంజిను గదిలోంచి బయటికి పోయి మేడ మెట్లు దిగాకగానీ గార్డు పెట్టె గదిలోకి రాదు. జపాన్లో రైళ్ళు చెప్పిన వేళకి వస్తాయి. నాకు తెలియని విషయాల మీద బొమ్మలు చెయ్యకూడదని దాన్ని వదిలేశాను.

మిగిలింది జర్మనీ. నేను ఎంచుకోలేదు. మా బావ ఓడ ఎంచుకుంది.

బావంటే అక్క మొగుడు. వాళ్ళది సోంపేట వైపు. సరుకు ఓడలో ఇంజిను గదిలో పనిచేస్తాడు. ఏడాదిలో సగం పైగా ఎక్కడో నీళ్ళ మీదే ఉంటాడు. ఒక శనివారం సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఒరే బావమరిదీ, ఓడ జర్మనీ ఎల్తన్నాది. రేవులో ఆగుతాం. అక్కడ బొమ్మరైళ్ళ కొట్టు ఉన్నాదని మావాడొకడు సెప్పినాడు. పెట్టెలో ఇంజినూ, పెట్టెలూ, పట్టాలూ అన్నీ ఉంటాయంట. తెమ్మంటావేటి?"

గ్రూపులో జనం ఏళ్ళ తరబడి ఎదురుచూసేది అదే.

"ఒక్క పెట్టే. రెండు తెస్తే మీ అక్క నన్ను ఓడలోనే ఉండిపొమ్మంటాది. మళ్ళీ అటు ఎప్పుడెల్తామో తెలీదు. రేవు సేరేలోగా ఏదో ఒకటి సెప్పు."

నేను ఆలోచిస్తానని చెప్పే లోపల నాన్న ఫోన్ లాక్కున్నాడు. "తేండి బాబూ, తేండి. మీరు తెస్తాననడమే పదివేలు" అన్నాడు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "అల్లుడు ఇస్తానన్నది వద్దనడం మన ఇంట్లో నేదు. మీ తాతకి అల్లుడు గొడుగిస్తే ఆయన బతికినన్నాళ్ళూ వానలో కూడా మడత విప్పనేదు, పాడైపోతాదని" అన్నాడు.

అలా నాకు జర్మనీ ఖాయమైంది.

బుద్ధిగా జర్మనీ స్టేషన్ బొమ్మ గీయడానికి కూర్చున్నాను. భవనం వచ్చింది. గడియారం వచ్చింది. మనుషులు రాలేదు. అక్కడి కొట్లలో అంగుళం కూడా లేని బొమ్మ మనుషుల్ని అమ్ముతారు. కుక్కని పట్టుకున్నవాళ్ళు, సూట్‌కేసు లాగేవాళ్ళు, పేపరు చదివేవాళ్ళు. అందరూ బాగానే ఉన్నారు. కానీ రైలు లేటయితే వీళ్ళేం చేస్తారో నాకు తెలీదు. ఎవరి మీద విసుక్కుంటారు? ఎక్కడ కూకుంటారు? ఏం కొనుక్కు తింటారు? రైలు కనపడగానే అందరూ ఒకేసారి ఎందుకు లగెత్తరు? లగెత్తకుండా ఎలా ఎక్కుతారు?

మనుషులు సరే, కనీసం ప్లాట్‌ఫారానికీ రైలు గుమ్మానికీ ఎత్తు తేడా ఎంతుంటుందో చూద్దామని ఒక ఆదివారం పొద్దున్న మా హాల్టుకి వెళ్ళాను. పట్టాల దగ్గరికి అన్నందుకు అమ్మ, బావ తెచ్చిచ్చిన నారింజరంగు కోటు తొడిగించింది, వెండి చారలున్నది, ఓడ మీద వేసుకునేది. డ్రైవరుకి దూరం నుంచి కనపడాలట.

టేపు పొట్టిది. ప్లాట్‌ఫారం ఎత్తుకి సరిపోయింది. ఎత్తు కొలిచాక వెడల్పు కూడా కొలిస్తే పోలా అనిపించింది. వెడల్పు తర్వాత పొడవు. పొడవుకి టేపు చాలక ఇంటికెళ్ళి గోగునార తాడు తెచ్చి మీటరుకో ముడి వేశాను. ముడి పడ్డచోట గుర్తుండాలని సున్నం బొట్టు పెట్టాను. షెడ్డు కొలిచాను, బెంచీ కొలిచాను, బోరింగు చెయ్యి పైకి లేస్తే ఎంత, దిగితే ఎంత, అదీ కొలిచాను. హాల్టుని ఆనుకుని పెదనాన్న మెట్ట ఉంది. వెనక చేను లేకుండా హాల్టు హాల్టులా ఉండదని అందులోకి దిగి అది కూడా కొలిచి, నాలుగు మూలలా పుల్లలు పాతాను. లెక్కలన్నీ ఫోన్లో కొట్టుకున్నాను. హాల్టు పక్కనే టీ కొట్టు నడిపే అప్ప, ఊరందరికీ అక్క వరస, గ్లాసులు కడుగుతూ చూస్తూనే ఉంది. ఏమీ అడగలేదు. మా ఊళ్ళో ఎవరైనా ఏమీ అడగలేదంటే భయపడాలి.

జర్మనీ రైలుకి ఇదంతా ఎందుకు కొలుస్తున్నానని నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది.

మర్నాడు సాయంత్రం రాజాం నుంచి బస్సు దిగి వస్తుంటే పెదనాన్న మెట్టలో ఒక ద్వారబంధం నిలబడి ఉంది. ఇల్లు లేదు. గోడల్లేవు. పునాది లేదు. చేను మధ్యలో ఒట్టి ద్వారబంధం, గడపకి పసుపు, కుంకుమ బొట్లు, పైన మామిడాకుల తోరణం. చుట్టూ వరసలుగా కొత్తగా నాటిన టేకు మొక్కలు. అటు చేనే, ఇటు చేనే. లోపలికి వెళ్ళాలా బయటికి రావాలా తెలియక ఒక మేక మధ్యలో నిలబడి ఉంది.

పెదనాన్న చెంబుతో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు.

"పెదనాన్నా, ఇదేటి?"

"ఇల్లు."

"గోడలేవి?"

"గోడలదేటుంది, వస్తాయి. ముహూర్తానికి ద్వారబంధం నిలబెట్టేసినాం." చెంబు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "అయినా ఒరే, సొంత పెదనాన్నకి కూడా సెప్పకూడదేటిరా? మూడో లైను మన మెట్టలోంచే ఎల్తన్నాదని?"

అప్పుడు వెలిగింది నాకు. నారింజ కోటు, ముడుల తాడు, సున్నం బొట్లు, మూలలకి పుల్లలు. రైల్వే వాళ్ళు మూడో లైను వేస్తారన్న మాట ఎప్పటినుంచో గాల్లో ఉంది. భూమి తీసుకునేటప్పుడు ఒట్టి చేనుకి ఒక ధర, చెట్లున్న చేనుకి ఒక ధర, ఇల్లున్న చోటికి ఇంకో ధర. ఆ సంగతి మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అందుకే ఒక్క పూటలో పెదనాన్న చేనుని అడవిగానూ, ఇల్లుగానూ మార్చేశాడు.

"పెదనాన్నా, అది సర్వే కాదు..."

"నాకు తెలుసులేరా. సెప్పకూడదని పైనుంచి ఆర్డరు. ఉద్యోగం ఎప్పుడొచ్చినాది?"

ఇంటికి వెళ్తే అక్కడింకా ముందుకి పోయింది వ్యవహారం. రైల్వే ఉద్యోగం వచ్చిందట కదా అని చీపురుపల్లి నుంచి ఎవరో నా జాతకం అడిగారు. నేను ఇంత చదివి ఇన్నాళ్ళు ఉద్యోగం చేస్తుంటే ఎవరూ అడగని జాతకం. నాన్న ముఖంలో చాలా రోజులకి వెలుగు కనిపించింది.

"నాన్నా, నిజం చెప్పేస్తాను."

"ఏటని సెప్తావు? పెళ్ళీడొచ్చినోడివి బొమ్మరైలు ఆడుకుంటన్నానని సెప్తావా? నా పరువేటి కావాలి? కాలేజీలో ఏదో పరీక్షకి కొలతలు కావాల్సొచ్చినాయని సెప్పు. సర్వే అనీ సెప్పకు, కాదనీ సెప్పకు."

"మరి పెదనాన్న టేకు తోట?"

"పెరుగుతాదిలే."

మర్నాడు ప్యాసింజరు వచ్చే వేళకి టీ కొట్టు దగ్గర జనం మామూలు కంటే ఎక్కువగానే ఉన్నారు. పెదనాన్న బెంచీ మీద మధ్యలో కూర్చున్నాడు. నాన్న ఒక పక్కగా నిలబడ్డాడు. నేను బస్సు దిగగానే నా కోసమే ఆగినట్టు అందరూ మాటలు ఆపేశారు.

ఇక్కడ ఒక గొప్ప ఉపన్యాసం ఇచ్చానని రాయాలని నాకూ ఉంది. ఇచ్చింది ఇదే.

"నాకు రైల్వేలో ఉద్యోగం రానేదు. లైనూ లేదు, సర్వే లేదు. నేను బొమ్మరైలు చేస్తన్నాను. దానికి కొలుసుకున్నాను. అంతే."

కొంచెంసేపు ఎవరూ నమ్మలేదు. నిజం చెబితే వచ్చే చిక్కే అది. ఫోన్లో బొమ్మలు చూపించాక నమ్మారు. నమ్మాక నవ్వారు. ఒకాయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టి మరీ నవ్వాడు.

"బొమ్మ రైలుకి కోటు తొడుక్కున్నావేటిరా!"

"జాగర్త, గుద్దేస్తాదని తొడుక్కున్నాడు."

"టిక్కెట్టు ఉంటాదేటి మరి?"

"ఎందుకుండదు, నీకు అర టిక్కెట్టే."

పెదనాన్న నవ్వలేదు. లేచి నా దగ్గరికొచ్చాడు. "బొమ్మరైలు కోసం నాను ద్వారబంధం నిలబెట్టినానా? పూజ సేయించి మరీ నిలబెట్టినాను. నిలబెట్టింది పీకకూడదు. ఇప్పుడు నా సేలోకి నేను తలుపు తీసుకుని ఎల్లాలా?"

"తలుపు పెట్టనేదు కదా పెదనాన్నా."

నాన్న తల దించుకున్నాడు. నేను వెళ్ళిపోబోయాను. అప్పుడు అప్ప, పాలగిన్నె దింపుతూ, మామూలుగా అడిగింది.

"ఏ రైలు బాబూ సేస్తన్నావు? మన ప్యాసింజరేనా?"

"కాదప్పా. జర్మనీ రైలు. బావ తెస్తన్నాడు."

"జర్మనీ రైలుకి మన హాల్టెందుకు కొలిసినావు?"

ఆమె ఎగతాళికి అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. అందరూ చూస్తున్నారు. ఆదివారమంతా ఎండలో నిలబడి బోరింగు చెయ్యి ఎంత పైకి లేస్తుందో కొలిచినవాణ్ణి, అది జర్మనీలో పనికొస్తుందని చెబితే నాకే నవ్వొస్తుంది.

అప్పుడే ప్యాసింజరు వచ్చింది. షరా మామూలుగా అందరూ నన్ను వదిలేసి దాని వైపు తిరిగారు. గంపలు దిగాయి, గంపల వెనక మనుషులు దిగారు. అటువైపు కంకర మీదికి ఇద్దరు దూకారు. పాలవాడు ఖాళీ క్యాను ఊచ నుంచి తప్పించేలోపు రైలు కదిలింది, వాడు క్యానుతో పాటు పరిగెత్తాడు, క్యాను వచ్చింది, వాడూ వచ్చాడు. రోజూ జరిగేదే. ఏ దేశపు పెట్టెలోనూ ఈ మనుషులు దొరకరు. దొరక్కపోతే చెక్కుకోవాలి. అంతే కదా, అందులో ఏముంది?

"జర్మనీ కాదప్పా," అన్నాను. "ఇదే. మన హాల్టు. ఇదే కడతాను."

గొంతు కొంచెం పెద్దదైనట్టుంది. దిగినవాళ్ళు కూడా ఇటు చూశారు.

"ఒరే," అన్నాడు నాన్న. ఆ ఒక్క మాటలో అల్లుడు, పరువు, చీపురుపల్లి జాతకం అన్నీ ఉన్నాయి.

"అవును నాన్నా. ఆ పెట్టె వద్దని నేనే బావకి చెప్తాను. ఎవరేటనుకున్నా సరే."

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "మన హాల్టయితే మరి నా మెట్ట వస్తాదా అందులో?"

"వస్తాది."

"ద్వారబంధం?"

"అదీ."

"మేకని పెట్టకు. అది మనది కాదు," అని చెప్పి కూర్చున్నాడు.

ఇంటికి వెళ్ళాక నాన్న నాతో మాట్లాడలేదు. అమ్మతో మాట్లాడాడు, నాకు వినపడేలా. "అల్లుడు నోరు తెరిసి ఇస్తానన్నది వద్దన్న ఇల్లు ఈ సుట్టుపక్కల ఎక్కడైనా ఉన్నాదేమో కనుక్కో. నాను సచ్చేలోగా సూసొస్తాను." అమ్మ అన్నం వడ్డిస్తూ, "ముందు తిని ఎల్లండి" అంది.

బావ ఓడ ఇంకా రేవు చేరలేదు. నేనే ఫోన్ చేశాను.

"బావా, పెట్టె వద్దు."

"ఏటి? జపాన్ది కావాలేటి? ఇటు జపాన్ నేదురా."

"ఏ దేశందీ వద్దు. మన ప్యాసింజరు చేస్తాను. మన హాల్టు."

"మన ప్యాసింజరా?" అని ఇంజిను మోతని మించి అరిచాడు. "ఒరే, ఆ రైలెక్కకూడదనే గదరా నేను ఓడెక్కినాను!"

"నువ్వు దిగిపోయావు గదా బావా. ఖాళీ అయిన సీట్లో నేను కూకుంటాను."

"తెస్తానన్నది వద్దంటే నాకేటనిపిస్తాదో ఆలోసించినావా? మీ నాన్నకి ఏటని సెప్పమంటావు?"

"నన్ను తిట్టానని చెప్పు."

"తిడతాను. ఆగు." నిజంగానే తిట్టాడు, ఓడ మీద నేర్చుకున్న మాటలు కూడా కలిపి. తిట్టాక కొంచెం చల్లబడ్డాడు. "పోనీ ఒట్టి పట్టాలు తేనా? పట్టాలకి దేశమేటి? ఇనుమే గదా."

చాలా న్యాయమైన మాట. అప్పుడు ఇరుకు బెంచీ అన్న పెద్దాయనే గ్రూపులో తర్వాత ఈ మాటే అన్నాడు. వాళ్ళ పట్టాలు వేసుకుని మన పెట్టెలు వాటి మీద పెట్టు, తేడా మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఎవరికీ కనపడదు, అందరూ అలాగే చేస్తారని. ఒప్పుకుంటే నాన్న నాతో మాట్లాడతాడు. బావ సంతోషిస్తాడు. పని సగం తగ్గుతుంది. ఇంత సులభంగా అందరూ సుఖపడే అవకాశం మా ఇంట్లో మళ్ళీ రాకపోవచ్చు.

"వద్దు బావా. మన పట్టాలు వెడల్పు."

"ఎంత వెడల్పేటి?"

"బొమ్మలో అయితే బియ్యపు గింజ మందం."

"బియ్యపు గింజకి ఇంత గొడవా!"

"బియ్యపు గింజకే. అది తగ్గిస్తే అది వాళ్ళ రైలు. మన రంగు పూసిన వాళ్ళ రైలు. ఎవరికీ కనపడకపోతే కనపడకపోనీ, నాకు కనపడతాది."

బావ, "నీకు పిచ్చి ముదిరినాది. మీ అక్కకి సెప్తాను," అని పెట్టేశాడు. అక్క మర్నాడు ఫోన్ చేసి, ఆ డబ్బుతో తనకి జర్మనీ కుక్కర్ తెప్పించుకుంటున్నానని, ఇంకో నాలుగు దేశాలవి కూడా వద్దనమని చెప్పింది. త్యాగానికి గుర్తింపు ఇలా ఉంటుంది.

గ్రూపులో కూడా రాశాను. దేశం: ఇండియా. స్టేషన్: మా హాల్టు. పట్టాలు: సొంతం. పెద్దాయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. అది ఆశీర్వాదమో, దణ్ణమో, ఇక నన్ను అడగకు అనడమో అడగలేదు. ఇంకొకడు, 'మీ హాల్టు చూడ్డానికి ఎవరొస్తారు బ్రో?' అని అడిగాడు. నిజం హాల్టు చూడ్డానికే ఎవరూ రారు, బొమ్మకి కొత్తగా పోయేదేముందని రాశాను. స్విట్జర్లాండు చూడ్డానికి ప్రపంచమంతా ఉంది. మా బోరింగుని బొమ్మరైళ్ళ కొలతకి, అంటే ఎనభై ఏడో వంతుకి దించాలన్న కోరిక మాత్రం భూమ్మీద నా ఒక్కడికే ఉంది. నేను చెయ్యకపోతే అది జరగదు. ఇందులో గర్వపడాల్సింది ఉందో లేదో తెలీదు. నేనైతే పడ్డాను.

పని మొదలైంది. ల్యాబులో విద్యార్థులు పాడుచేసిన రాగిపూత సర్క్యూట్ బోర్డులు కుప్పగా ఉంటాయి. అడిగి తెచ్చి, సన్నగా కోసి, పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లు చేశాను. విజయనగరం బజారులో సన్న ఇత్తడి బద్దీ కొని, వాటి మీద టంకం వేసి అతికించాను. నా డిప్లొమా మొత్తంలో నిజంగా వచ్చిన విద్య టంకం ఒక్కటే. మొదటి పట్టా వంకరొచ్చింది. రెండోది ఇంకా వంకరొచ్చింది. మూడోది తిన్నగా వచ్చింది కానీ అది ఇరుకు, అలవాటు కొద్దీ ఫోన్లో చూసిన కొలతే పెట్టేశాను. నాకు తెలియకుండా నా చేతులు జర్మనీ వెళ్ళొచ్చాయి. దాన్ని పీకి పారేశాను.

వారాలు గడిచాక మూరెడు పట్టా అయింది. మా హాల్టు ముందర ఉన్నట్టే, వెడల్పుగా, కుదురుగా. అగ్గిపుల్లలతో ద్వారబంధం కూడా అయింది. గడపకి పసుపు పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు, ఆటలొద్దంది. పసుపు రంగు పూశాను. పెదనాన్న చూడ్డానికొచ్చి, చేను చిన్నదైపోయిందని కోప్పడి, ఒక టేకు మొక్క తక్కువైందని కూడా కనిపెట్టి వెళ్ళాడు. తమ ఇల్లెక్కడని అడగడానికి ఇంకొందరొచ్చారు. హాల్టు దాకే కడుతున్నానంటే, ఇల్లు రైలుకి దూరంగా కట్టుకున్నందుకు మొదటిసారి బాధపడుతూ వెళ్ళారు. బావ సెలవు మీద వచ్చాడు, కుక్కర్‌తో. నాకేమీ తేలేదు. నేనడిగింది అదే. ఇంజిను లేదు, పెట్టెలు లేవు. రేకు కోసి మొదటి పెట్టె చెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు. వద్దన్న అట్టపెట్టె వచ్చి ఉంటే ఈపాటికి గదిలో ఒక జర్మనీ రైలు గుండ్రంగా తిరుగుతూ ఉండేది. అయినా దాన్ని ఒక్కసారి కూడా తల్చుకోలేదు.

తల్చుకున్నాను. రెండుసార్లు. అయినా వద్దనే అనిపించింది.

ఆ పట్టాని బల్ల మీద అతికించిన సాయంత్రం నాన్న మేడ మెట్లెక్కి వచ్చాడు. ఇన్నాళ్ళలో ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. బయట వాన పడుతోంది. తువ్వాలుతో తల తుడుచుకుంటూ బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. షెడ్డు చూశాడు. బోరింగు చూశాడు. పట్టా దగ్గర ఆగాడు.

"పట్టాలు సరే. రైలేదిరా?"

"నేదు."

"ఎప్పుడొస్తాది?"

"తెలీదు నాన్నా."

ఆయన బెంచీ వైపు చూశాడు, పట్టా వైపు చూశాడు, మళ్ళీ బెంచీ వైపు చూశాడు.

"అచ్చం మన హాల్టే," అన్నాడు.

వంగి పట్టా మీద వేలు పెట్టబోయాడు. ముట్టుకోవద్దని చెయ్యి పట్టుకుని ఆపాను. తెల్ల జిగురు గట్టిపడ్డానికి ఒక రోజు పడుతుంది. వానాకాలమైతే రెండు.